ఊపిరితిత్తుల్లో చేరిన నీరు ఎలా పోతుంది?



మా పెద్దవదినకి, అంటే మావారి అక్కగారికి, ఆ మధ్య న్యుమోనియా వచ్చింది. మొదట మామూలు దగ్గూ జ్వరమే అనుకున్నాం. మిరియాల కషాయం తాగుతూ, జ్వరం బిళ్ళలు వేసుకుంటూ నాలుగు రోజులు నెట్టుకొచ్చింది ఆవిడ. అయిదోరోజు తెల్లవారుజామున ఒక్క మాట పూర్తిగా చెప్పలేక మధ్యలో ఆగి ఆగి ఊపిరి పీలుస్తూంటే, అంబులెన్సు పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మేము చేరుకునేసరికి ఆవిడ ఇంటెన్సివ్ కేర్‌లో, కృత్రిమశ్వాస యంత్రం మీద ఉంది. డాక్టరుగారు బయటికొచ్చి, "రెండు ఊపిరితిత్తుల్లోనూ నీరు చేరిందమ్మా" అని ఒక్క ముక్క చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

వదిన కూతురు నా చెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, నీరే కదా! సూది గుచ్చి లాగెయ్యరేం? మా ఎదురింటి తాతగారికి అల్లాగే సీసాడు తీశారు. మర్నాటికి లేచి కూర్చుని కాఫీ తాగారు" అంది.

ముప్ఫై ఏళ్ళు వైద్యవిద్యార్థులకి శరీరధర్మశాస్త్రం పాఠం చెప్పినదాన్ని నేను. జవాబు నాకు తెలుసు. కాని ఆ వరండాలో, ఆ బెంచీ మీద, ఏడుస్తున్న పిల్లకి అర్థమయ్యే మాటల్లో చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు. ఇవాళ కాస్త తీరిగ్గా ఆ జవాబు మీకు చెబుతాను. 2020, 2021 కోవిడ్ రోజుల్లో ఈ "నీరు చేరింది" అన్న మాట విని హడలిపోయిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి కదా.

ఎదురింటి తాతగారికి చేరిన నీరు వేరు, మా వదినకి చేరిన నీరు వేరు. ఊపిరితిత్తికి పైన ఒక పల్చని పొర, రొమ్ముగూటికి లోపల ఇంకొక పొర ఉంటాయి. ఆ రెంటి మధ్యా నీరు నిలిస్తే అది సంచీలో ఉన్న నీళ్ళలాంటిది. సూది పెడితే వచ్చేస్తుంది. వదినకి నీరు చేరింది ఊపిరితిత్తి లోపలే, గాలి ఉండవలసిన గదుల్లో. పిల్లల పాఠ్యపుస్తకాల్లో వీటిని వాయుగోణులు అంటారు. మనం గాలిగదులు అనుకుందాం. ఒక్కొక్కటీ గసగసాల గింజకన్నా చిన్నది. అలాంటివి మనిషికి 30 కోట్ల నుంచి 50 కోట్ల దాకా ఉంటాయి. నానబెట్టిన అటుకుల్లోంచి సూదితో నీళ్ళు లాగగలమా చెప్పండి? ఇదీ అంతే. ఆ నీటిని ఆ ఊపిరితిత్తే తోడుకోవాలి. పైనుంచి మనం తోడలేం.

అసలు ఆశ్చర్యం ఏమిటంటే, మామూలు రోజుల్లో ఊపిరితిత్తి పొడిగా ఎలా ఉంటుందన్నది. ఆ గదులన్నీ విప్పి నేలమీద పరిస్తే సుమారు 70 చదరపు మీటర్లు వస్తాయి. రెండు పడకగదుల చిన్న ఫ్లాటంత అన్నమాట. గాలికీ రక్తానికీ మధ్య గోడ మందం తలవెంట్రుక మందంలో వందో వంతు. ఆ గోడకి అవతల నిమిషానికి 5 లీటర్ల చొప్పున రక్తం పరిగెడుతూ ఉంటుంది. అయినా ఇవతల ఒక పల్చని తడిపొర తప్ప నీరు నిలవదు!

1896లో ఇంగ్లండులో స్టార్లింగ్ అనే ఆయన దీనికి ఒక లెక్క చెప్పారు. రక్తనాళంలోని ఒత్తిడి నీటిని బయటికి నెడుతుంది. రక్తంలో కరిగి ఉన్న మాంసకృత్తులు, మన పిల్లలు ప్రొటీన్లు అంటారే అవి, నీటిని లోపలికి లాగి పట్టుకుంటాయి. ఈ తూకమే సర్వమూ నడుపుతుందని దాదాపు ఎనభై ఏళ్ళు అనుకున్నారు. 1982లో అమెరికాలో మైకేల్ మాథే అనే డాక్టరూ, ఆయన తోటివాళ్ళూ గొర్రెల మీద ఒక పరీక్ష చేశారు. గొర్రె రక్తంలోంచే తీసిన పసుపుపచ్చని రసం, అంటే సీరం, దాని ఊపిరితిత్తిలోకి పోశారు. నాలుగు గంటలయ్యాక చూస్తే ఆ రసంలోని నీరు తగ్గింది, మాంసకృత్తులు మిగిలాయి. ఎంతగా మిగిలాయంటే రక్తంలో కన్నా ఊపిరితిత్తిలోనే ద్రవం చిక్కబడింది. స్టార్లింగ్ లెక్క ప్రకారమైతే చిక్కగా ఉన్నవైపుకి నీరు రావాలి. ఇక్కడ ఎదురు పోతోంది! అంటే ఎవరో పనిగట్టుకుని తోడుతున్నారన్నమాట.

ఎలా తోడుతున్నారో మన వంటింట్లోనే తెలుస్తుంది. మాగాయ పెట్టేటప్పుడు మామిడిముక్కలకి ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేస్తాం. మూడోరోజుకి ఊట తేలుతుంది. ముక్కల్ని మనం పిండామా? లేదు. ఉప్పు ఉన్న చోటికి నీరే వచ్చింది. ఊపిరితిత్తి కూడా నీటిని నేరుగా తోడదు. ఉప్పును తోడుతుంది, నీరు దాని వెంట పోతుంది. గాలిగది గోడకి ఉన్న కణాల మీద, గాలివైపున, సన్నటి తూములు ఉంటాయి. ఉప్పులోని సోడియం వాటిలోంచి కణంలోకి జారుతుంది. కణానికి వెనకవైపున ఒక మోటారు ఉంటుంది. అది ఆ సోడియాన్ని రక్తంవైపు నెట్టేస్తుంది. ఆ మోటారును కనిపెట్టినందుకు డెన్మార్కు శాస్త్రజ్ఞుడు స్కౌకి 1997లో నోబెల్ బహుమానం వచ్చింది. తూములు ఏయే ముక్కలతో తయారయ్యాయో 1993, 1994లలో స్విట్జర్లాండులోని లొజాన్ నగరంలో తేల్చారు.

ఈ తూముల విలువ తల్లులమైన మనకి ఇంకా బాగా తెలియాలి. కడుపులో ఉన్న బిడ్డ ఊపిరితిత్తులు నీటితోనే నిండి ఉంటాయి. నొప్పులు వచ్చే సమయంలో బిడ్డ ఒంట్లో అడ్రినలిన్ పొంగి, ఈ తూములు తెరుచుకుంటాయి. కేరుమని ఏడ్చేవేళకి నీరు తీయడం మొదలై ఉంటుంది. నొప్పులు రాకముందే ఆపరేషన్ చేసి తీసిన కొంతమంది పిల్లలకి ఒకటి రెండు రోజులు ఎగశ్వాస ఉండటానికి ఇదో కారణం. చాలామందికి అదే సర్దుకుంటుంది, భయపడకండి. తూములోని ఒక ముఖ్యమైన ముక్క లేకుండా పుట్టించిన ఎలుకపిల్లలు మాత్రం 40 గంటల లోపలే ఊపిరాడక చచ్చిపోయాయి. 1996 నాటి సంగతి ఇది.

ఇక అసలు కథకి వస్తాను. కత్తెరల కథ.

మాంసం వండే ఇళ్ళల్లో ముక్క ముదురుదైతే పచ్చి బొప్పాయి ముక్క నూరి కలుపుతారు. గంటలో మెత్తబడుతుంది. బొప్పాయి పాలలో మాంసకృత్తుల్ని కత్తిరించే ఎంజైము ఉంది. అనాసపండు ఎక్కువ తింటే నాలుక చుర్రుమనేది కూడా కొంతవరకు అలాంటి ఎంజైము వల్లే. మన ఒంట్లో ఇటువంటి కత్తెరలు ఎన్నో ఉన్నాయి. అయితే అన్నీ తిండిని అరిగించేవి కావు. దర్జీ కత్తెరలాగా ఒక్క దారాన్ని, ఒక్క చోట, చూసి కత్తిరించేవీ ఉన్నాయి.

మన సోడియం తూము తయారైనప్పుడు సీలుతో వస్తుంది. కొత్త గ్యాసు సిలిండరు వస్తే పైన సీలు తెంపి, దారం లాగి, మూత తీస్తే గాని రెగ్యులేటరు పట్టదు కదా, ఇదీ అంతే. తూములో ఒక చిన్న ముక్క అడ్డం పడి ఉంటుంది. దానికి రెండు కొసల దగ్గరా కత్తెర పడితే ఆ ముక్క ఊడిపోయి తూము బాగా తెరుచుకుంటుంది. 1997లో అదే లొజాన్ బృందం కప్ప మూత్రపిండపు కణాల్లో మొట్టమొదట ఇలాంటి కత్తెరను పట్టుకుంది. ఆ తరవాత 2004 నాటికి అమెరికాలో పిట్స్‌బర్గ్ వాళ్ళు ఇంకో సంగతి చూపించారు. కణం లోపలే ఫ్యూరిన్ అనే కత్తెర కొన్ని కోతలు వేసేస్తుంది. ఒక కోత మాత్రం మిగిలిపోతుంది. అది కణం పైకి వచ్చాక బయటి కత్తెర వెయ్యాలి. ప్రోస్టాసిన్ అనేది అందుకు ఇంట్లో మనిషి. ఆ పని బయటినుంచి వచ్చినవీ చేయగలవు. తెల్లకణాలు చిమ్మే ఎలాస్టేజ్, రక్తపుగడ్డల్ని కరిగించే ప్లాస్మిన్ అలాంటివి.

(కోవిడ్ వైరస్ ముల్లును కోసేది కూడా ఈ ఫ్యూరినే. ఆ ముల్లు మీది కోత గుర్తూ, మన తూము మీది కోత గుర్తూ ఎనిమిది అక్షరాల మేర ఒకటిగా ఉన్నాయని 2020లో గమనించారు. ఒకే కత్తెర కోసం రెండూ పోటీ పడతాయేమో అని వాళ్ళు ఊహించారు.)

ఇంతవరకూ కత్తెర మన మిత్రుడే. మరి ఊపిరితిత్తి గాయపడితే ఏం జరుగుతుంది? గాయం అంటే కత్తిపోటే కానక్కరలేదు. న్యుమోనియా, రక్తంలో పాకిన చీము, వాంతి ఊపిరితిత్తిలోకి పోవడం, పాంక్రియాస్ వాపు, ఏదైనా కావచ్చు. వెంటనే తెల్లకణాలు గుంపులుగా పరిగెత్తుకొస్తాయి. సూక్ష్మజీవుల్ని చంపడానికి ఎలాస్టేజ్ కత్తెరలు విసురుతాయి. అవి తూముల సీళ్ళు తెంపుతాయి. నీరు పోయే దారి ఇంకా పెద్దదవుతుంది. బాగానే ఉంది. కాని ఆ కత్తెరకి కళ్ళు లేవు. కణాన్నీ కణాన్నీ కలిపి కుట్టిన కుట్లు ఉంటాయి, వాటినీ తెంపేస్తుంది. రక్తనాళాల కుట్లు తెగుతాయి, గాలిగది కుట్లు తెగుతాయి. వెంట్రుకలో వందో వంతు గోడకి చిల్లులు పడతాయి.

అప్పుడు వచ్చేది ఉత్త నీరు కాదు. మాంసకృత్తులతో చిక్కబడిన రసం. అది గది గోడలకి అట్టలా కట్టుకుంటుంది. నీరు పోయినంత తేలిగ్గా మాంసకృత్తులు పోవు. అవి పోవడానికి రోజులు పడుతుంది. కాలవగట్టు తెగి చేలోకి నీరు దూకుతూంటే మురుగుతూము ఎంత తెరిస్తే మాత్రం ఏం లాభం?

ఇది చాలనట్టు థ్రాంబిన్ ఒకటి. రక్తం గడ్డకట్టడానికి అదే ఆధారం. వేలు తెగితే మనల్ని కాపాడేది అదే. అదీ ఒక కత్తెరే. రక్తనాళపు కణాల మీద కొన్ని మీటలు ఉంటాయి. థ్రాంబిన్ వచ్చి ఆ మీట కొస కత్తిరిస్తే, తెగిన కొసే వంగి మీటను నొక్కుతుంది. ఈ చమత్కారం 1991లో బయటపడింది. మీట పడగానే కణాలు ముడుచుకుంటాయి, మధ్యలో సందులు పడతాయి. అంతేకాదు, నీటిని తోడే మోటార్లను కణం ఉపరితలం నుంచి లోపలికి లాగించేస్తుందని 2005లో కుందేళ్ళ ఊపిరితిత్తుల్లో చూశారు. తూములు తెరిచే కత్తెర ఒకటి, మోటారు ఆపించే కత్తెర ఒకటి, గోడ చింపే కత్తెర ఒకటి. ఒకే గదిలో, ఒకే వేళ! పైగా ప్రాణవాయువు తగ్గినకొద్దీ తూములూ మోటార్లూ మరీ మందగిస్తాయి.

కత్తెరలకి ఒర లేదా అంటే, ఉంది. మన కాలేయం ఆంటీట్రిప్సిన్ అనే మాంసకృత్తిని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అది ఎలాస్టేజ్‌ను పట్టుకుని మూసేస్తుంది. స్వీడనులో మాల్మో పట్టణంలో లౌరెల్, ఎరిక్సన్ అనేవారు 1963లో ఈ ఒర పుట్టుకతోనే లేని మనుషుల్ని కనిపెట్టారు. వాళ్ళలో కొందరికి చిన్నవయసులోనే ఊపిరితిత్తులు పాడయ్యాయి. గాయపడిన ఊపిరితిత్తిలో చిక్కేమిటంటే, తెల్లకణాలు వదిలే విషపదార్థాలే ఈ ఒరను కాల్చి పనికిరాకుండా చేస్తాయి. సిగరెట్టు పొగ కూడా ఆ పనే చేస్తుంది. ఇంట్లో పొగతాగే మగవాళ్ళు ఉంటే ఈ వాక్యం వాళ్ళకి రెండుసార్లు చదివి వినిపించండి.

"అయితే కత్తెరను ఆపే మందు ఇస్తే సరి" అనిపిస్తుంది. డాక్టర్లకీ అలాగే అనిపించింది. సివెలెస్టాట్ అనే మందు ఎలాస్టేజ్‌ను ఆపుతుంది. జపానులో 2002లో దానికి అనుమతి ఇచ్చారు. తరవాత 492 మంది రోగుల మీద చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2004లో వచ్చింది. నెలరోజుల్లో చనిపోయినవాళ్ళ లెక్కలో తేడా లేదు. ఆరునెలల లెక్క చూస్తే మందు తీసుకున్నవాళ్ళ పరిస్థితే అధ్వాన్నంగా కనబడి, పరీక్ష మధ్యలోనే ఆపేశారు. సరే, కత్తెర జోలికి పోకుండా తూముల్నే ఇంకా తెరుద్దామని మరికొందరు ప్రయత్నించారు. ఆస్తమాకి వాడే సాల్బుటమాల్‌కి, అడ్రినలిన్‌లాగే, తూములు తెరిచే గుణం ఉంది. బ్రిటనులో దాన్ని రక్తంలోకి ఎక్కించి చూశారు. మందు ఇచ్చినవాళ్ళలోనే ఎక్కువమంది పోవడంతో అదీ ఆపేశారు. ఆ ఫలితం 2012లో అచ్చయింది. ఇది విని మీ ఇన్‌హేలరు పారెయ్యకండి సుమా! ఆస్తమాకి పీల్చే మందు సంగతి వేరు, ఆ జబ్బు వేరు.

ఇక్కడ ఇంకొక సందేహం కూడా మీకు వస్తుంది. "మా మామగారికి గుండెజబ్బుతో ఊపిరితిత్తుల్లో నీరు చేరితే ఒక్క లాసిక్స్ ఇంజెక్షనుతో సాయంత్రానికి తేరుకున్నారే" అని. నిజమే. గుండె బలహీనమైతే కాలవలో నీటిమట్టం పెరిగి గట్టుమీంచి పొర్లుతుంది, అంతే. గట్టు తెగలేదు, తూములూ మోటార్లూ బాగానే ఉన్నాయి. మట్టం తగ్గిస్తే చేను తనంతట తానే ఆరుతుంది. మా వదినకి తెగింది గట్టు. ఈ రెండో రకం జబ్బునే డాక్టర్లు ఏఆర్‌డీఎస్ అంటారు. 1967లో అమెరికాలోని డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగుల కథ రాసి దీన్ని మొదట గుర్తించారు. కేస్‌షీటు మీద ఆ నాలుగక్షరాలు కనబడితే, గంటల్లో కాదు, రోజుల్లో లెక్కపెట్టుకోవాలని అర్థం.

మరి డాక్టర్లు చేతులు కట్టుకు కూర్చుంటారా? లేదు. గట్టు తనంతట తాను పూడుకునేదాకా దాన్ని ఇంకా చింపకుండా కాచుకుంటారు. న్యుమోనియాకి మందులు ఒకవైపు నడుస్తూనే ఉంటాయి. యంత్రంతో గాలి ఇచ్చేటప్పుడు పెద్ద పెద్ద ఊపిర్లు కాకుండా చిన్న ఊపిర్లు ఇస్తారు. మనిషి ఎత్తునిబట్టి బరువు లెక్కగట్టి, కిలోకి 12 మిల్లీలీటర్ల బదులు 6 ఇచ్చి చూస్తే, నూటికి 40 మంది పోయేచోట 31 మందే పోయారని 2000లో తేలింది. రోగిని బోర్లా పడుకోబెడతారు. రోజుకి పదహారు గంటలదాకా. ఫ్రాన్సులో ముఖ్యంగా జరిగిన ఒక పరీక్షలో దీనివల్ల మరణాలు నూటికి 33 నుంచి 16కి దిగాయి. అది 2013లో అచ్చయింది. మా మేనకోడలు అద్దంలోంచి తొంగిచూసి, "అమ్మని బోర్లా పడేశారు అత్తయ్యా!" అని ఘొల్లుమంది. పడెయ్యలేదమ్మా, వీపువైపు మూసుకుపోయిన గదుల్లోకి గాలి పోవడానికి అల్లా తిప్పారని చెప్పాను.

మూడోది సెలైను సంగతి. దీని గురించి కాస్త గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో తప్పు మా ఇంట్లోనే ఉంది. జ్వరం మూడోరోజున వదిన నీరసంగా ఉందంటే మావాళ్ళు వీధిచివర క్లినిక్కుకి తీసుకెళ్ళారు. వాళ్ళు వద్దన్నా వినకుండా, బతిమాలి రెండు సీసాలు ఎక్కించుకొచ్చారు. దానివల్లే ఇదంతా వచ్చిందని నేను అనను. కాని గోడ చిల్లులు పడుతున్న వేళ కాలవలో మట్టం పెంచడం ఎవరికి మంచిది? ఆస్పత్రిలో కూడా మా మేనల్లుడు, "అమ్మకి నోట్లోకి ఏమీ పోవడం లేదు, ఒక్క సీసా అయినా పెట్టరేం, డబ్బు కట్టామా లేదా?" అని నర్సమ్మ మీద కేకలేశాడు. ఆ అమ్మాయి పాపం ఓపిగ్గా, ముక్కులోని గొట్టంలోంచి ఆహారం ఇస్తున్నామని చూపించింది. రక్తపోటు పడిపోయినప్పుడు సెలైను ప్రాణం పోస్తుంది, కాదనను. ఆ గండం గడిచాక మాత్రం ద్రవాలు బిగించి ఇస్తారు. 1000 మంది రోగుల మీద చేసి 2006లో వెల్లడించిన పరీక్షలో, ద్రవాలు తగ్గించి ఇచ్చినవాళ్ళు యంత్రం మీంచి ముందుగా బయటపడ్డారు. వాళ్ళ మూత్రపిండాలకి అందువల్ల చెరుపేమీ జరగలేదు. కాబట్టి మంచం పక్కన సీసా వేలాడకపోతే వైద్యం జరగడం లేదని అనుకోకండి.

ఇంట్లో మనం కనిపెట్టవలసినవి కొన్ని ఉన్నాయి. జ్వరం ఉన్న పెద్దవాళ్ళు కదలకుండా పడుకున్నప్పుడు, గడియారం పెట్టుకుని ఒక నిమిషం ఊపిర్లు లెక్కపెట్టండి. 30 దాటితే కషాయాల కోసం ఆగవద్దు. వాక్యం మధ్యలో ఊపిరికోసం ఆగినా, పెదాలు నీలంగా మారినా, వేలికి పెట్టే ఆక్సీమీటరులో అంకె 94 కన్నా దిగినా అంతే. ఎప్పటినుంచో ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం తమకి ఏ అంకె మామూలో డాక్టరుగారిని ముందే అడిగి ఉంచుకోవాలి. స్పృహ తప్పినవాళ్ళ నోట్లో, మూర్ఛ వచ్చినవాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి. అవి ఊపిరితిత్తిలోకి పోతాయి. పొరపాటున కిరసనాయిలు తాగిన పిల్లాడిచేత వాంతి చేయించకండి. ఎలా ఉన్నవాణ్ణి అలా ఆస్పత్రికి ఎత్తుకుపొండి.

మా వదినకి తొమ్మిదో రోజుదాకా ఎక్స్‌రే తెల్లగానే ఉంది. పదోరోజున డాక్టరుగారు వచ్చి, ఆక్సిజన్ కొంచెం తగ్గించగలిగామన్నారు. ఎంత అని అడిగితే, "కొంచెమేనమ్మా" అన్నారు. ఆ రాత్రి మా మేనకోడలు మొదటిసారి ఇంటికెళ్ళి నిద్రపోయింది. పదహారో రోజున గొట్టం తీశారు. వదిన గొంతు బొంగురుపోయి, చాలారోజులు గుసగుసగానే మాట్లాడేది. వాళ్ళది రెండో అంతస్తు. ఇంటికొచ్చిన కొత్తలో మెట్లకి కుర్చీమీద మోసుకెళ్ళవలసి వచ్చింది. ఇప్పుడు తనే ఎక్కుతుంది, మధ్యలో ఒకచోట ఆగుతుంది. అక్కడ మా మేనకోడలు ఒక పీట వేసి ఉంచింది.